రూ.300 బోర్డుతో వైఫై కట్.. పాస్‌వర్డ్ గట్టిదైనా లాభం లేదు! మీ రౌటర్‌లో ఈ సెట్టింగ్ ఆన్‌లో ఉందా?

ఇంటికి సీసీ కెమెరా పెట్టించారు. వైఫై పాస్‌వర్డ్ కూడా ఎవరికీ అంతుపట్టనిదే పెట్టారు. ఇక నిశ్చింత అనుకుంటున్నారా? ఆ పాస్‌వర్డ్ జోలికే పోకుండా, గోడ అవతల నిలబడి మీ కెమెరాను వైఫై నుంచి తప్పించేసే బోర్డు రూ.300కు అటూఇటుగా దొరుకుతోంది. ఇదేదో దొంగచాటు సరుకు కాదు.. ఇంజినీరింగ్ స్టూడెంట్లు ప్రాజెక్టుల కోసం కొనుక్కునే మామూలు బోర్డే. మరి దాన్ని నిషేధిస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకంటే లోపం బోర్డులో లేదు, వైఫై రూల్స్‌లోనే ఉంది. దానికి విరుగుడు 2009లోనే వచ్చింది. చాలా ఇళ్లలో అది రౌటర్ లోపలే ఆఫ్‌లో పడి ఉంది.

అసలేంటీ బోర్డు?

షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ చేసిన ఈఎస్పీ8266 అనే వైఫై చిప్ 2014లో ప్రపంచమంతా పాకింది. అంతకుముందు ఒక చిన్న యంత్రానికి వైఫై తగిలించాలంటే చేతి చమురు బాగానే వదిలేది. ఈ చిప్ వచ్చాక వందల్లో పని అయిపోయింది. స్మార్ట్ బల్బులు, స్మార్ట్ ప్లగ్గులు, ఫోన్ నుంచి మోటారు ఆన్ చేసే స్విచ్‌లు.. ఇలాంటివి ఇంత చవగ్గా రావడానికి ఒక కారణం ఇదే. దీన్ని అమర్చిన నోడ్‌ఎంసీయూ బోర్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ షాపుల్లోనూ దొరుకుతాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. పవర్ బ్యాంక్‌తో నడుస్తుంది.

2017లో జర్మనీకి చెందిన స్టెఫాన్ క్రెమ్సర్ అనే కుర్రాడు ఈ చిప్ కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా పెట్టేశాడు. హ్యాకింగ్ నేర్చుకునేవాళ్లకు ఇతను స్పేస్‌హూన్ పేరుతోనే తెలుసు. హూన్ అంటే జర్మన్‌లో కోడి.. లోగో కూడా అంతరిక్షంలో కోడే! ఆ సాఫ్ట్‌వేర్ పేరు డీఆథర్. చుట్టుపక్కల వైఫైకి తగులుకుని ఉన్న ఫోన్‌నో, కెమెరానో అక్కడి నుంచి ఊడిపోయేలా చేయడం దాని పని. ఇది పరీక్షలకు, నేర్చుకోవడానికి మాత్రమేనని, సొంత నెట్‌వర్క్‌పైనే వాడాలని క్రెమ్సర్ మొదటి నుంచీ రాస్తూనే ఉన్నాడు. అందరూ ఆ మాట విన్నారా అన్నది వేరే సంగతి.

పాస్‌వర్డ్ తెలియకుండా ఎలా కట్ అవుతుంది?

ఆర్టీసీ బస్సు గుర్తు చేసుకోండి. కండక్టర్ ‘హోల్డాన్’ అంటే డ్రైవర్ బస్సు ఆపుతాడు. వెనక్కి తిరిగి, అన్నది కండక్టరేనా అని చూడడు. వెనక సీట్లో కూర్చున్న ఓ తుంటరి పిల్లాడు అదే గొంతుతో ‘హోల్డాన్’ అని అరిస్తే? బస్సు ఆగిపోతుంది. తలుపుకు ఎంత మంచి తాళం ఉన్నా ఆ అరుపును ఆపలేదు.

వైఫైలో జరిగేదీ ఇదే. రౌటర్‌కు, ఫోన్‌కు మధ్య రెండు రకాల మాటలు నడుస్తాయి. ఒకటి మీ డేటా.. వీడియో, మెసేజ్, పేమెంట్. ఇది పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంతో భద్రంగా ఉంటుంది. రెండోది నిర్వహణ మాటలు. ‘నేనిక్కడున్నా, కనెక్ట్ అవ్వు’, ‘నీ కనెక్షన్ తీసేస్తున్నా, వెళ్లిపో’ లాంటివి. వైఫై రూల్స్ మొదట్లో రాసినప్పుడు ఈ రెండో రకం మాటలకు ఏ తాళమూ పెట్టలేదు. ‘వెళ్లిపో’ అన్నది నిజంగా రౌటరేనా అని ఫోన్ అడగదు. రౌటర్ పేరు పెట్టుకుని పక్కింటి నుంచి ఎవరన్నా ఫోన్ నమ్మేస్తుంది. దీన్నే డీఆథెంటికేషన్, పొట్టిగా డీఆథ్ అంటారు. ఆ మాట సెకనుకు పదుల సార్లు వస్తూ ఉంటే.. మీ కెమెరా కనెక్ట్ అవుతుంది, ఊడుతుంది, మళ్లీ కనెక్ట్ అవుతుంది, మళ్లీ ఊడుతుంది. రికార్డింగ్ మాత్రం ఉండదు.

చాలామంది దీన్ని జామర్ అనేస్తారు. రెండూ వేరు. జామర్ అంటే డీజే పెట్టి ఎవరి మాటా ఎవరికీ వినపడకుండా చేయడం. డీఆథ్ అలా కాదు, ఒక్క మాట చాలు. అది కూడా రూల్స్ ప్రకారం సరిగ్గా రాసిన మాటే. అందుకే రూ.300 చిప్‌కు కూడా ఇది చేతనవుతోంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో కెమెరాల దగ్గర తెలుస్తుంది.

20 ఏళ్ల కిందటే తెలుసు!

ఇది 2017లో బయటపడ్డ లోపం కానే కాదు. అమెరికాలోని శాన్ డియాగో కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన జాన్ బెల్లార్డో, స్టెఫాన్ శావేజ్ 2003లోనే దీన్ని ఓ సెక్యూరిటీ సదస్సులో పేపర్‌గా రాసి, చేసి చూపించారు. విరుగుడు ఎలా ఉండాలో కూడా అందులోనే సూచించారు. ప్రమాణాలు రాసే ఐఈఈఈ సంస్థ ఆరేళ్ల తర్వాత, 2009లో, 802.11డబ్ల్యూ అనే సవరణ తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే ‘వెళ్లిపో’ అనే మాటకు కూడా రహస్య ముద్ర పడుతుంది. ముద్ర లేని మాటను ఫోన్ పట్టించుకోదు. దీన్నే ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్, పొట్టిగా పీఎంఎఫ్ అంటారు.

మరి సమస్య అక్కడితో తీరిపోవాలి కదా? తీరలేదు. డబ్ల్యూపీఏ2 రౌటర్లలో పీఎంఎఫ్ ఉన్నా లేకున్నా ఫర్వాలేదన్నట్టు చాలా ఏళ్లు నడిచింది. పాత ఫోన్లు, ప్రింటర్లు కనెక్ట్ కాకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్లు వస్తాయి. డీఆథ్‌తో కెమెరా ఊడితే ఎవరికీ ఫోన్ రాదు, ‘నెట్ స్లో’ అనుకుంటారు. దాంతో చాలా కంపెనీలు దాన్ని ఆఫ్‌లోనే వదిలేశాయి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో మాత్రం పీఎంఎఫ్ తప్పనిసరి చేశారు.

ఈ లోపాన్ని వాడుకున్నది గల్లీ హ్యాకర్లే అనుకుంటే పొరపాటు. అమెరికాలోని నాష్‌విల్‌లో మారియట్ నడిపే గేలార్డ్ ఓప్రీల్యాండ్ హోటల్ ఉంది. సదస్సులకు పెట్టింది పేరు. అక్కడ స్టాల్ పెట్టుకునేవాళ్లకు హోటల్ వైఫై ఒక్కో పరికరానికి 250 నుంచి 1,000 డాలర్లు. ఇంత పెట్టడమెందుకని ఎవరైనా సొంత ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసుకుంటే.. అది పనిచేయదు! 2013లో ఒకరికి అనుమానం వచ్చి అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేశారు. తవ్వితే తేలిందేంటంటే.. హోటల్ సిబ్బంది వైఫై పర్యవేక్షణ సిస్టమ్‌తో అతిథుల హాట్‌స్పాట్‌లకు డీఆథ్ సందేశాలు పంపుతున్నారు. 2014 అక్టోబరులో మారియట్ 6 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. గమనించాల్సింది ఇక్కడే. అప్పటికి స్పేస్‌హూన్ సాఫ్ట్‌వేర్ పుట్టనే లేదు. ఖరీదైన సిస్టమ్ ఉన్నవాళ్ల చేతిలో ఈ ఆయుధం ముందునుంచే ఉంది. చవక బోర్డు వచ్చి చేసిందల్లా, అది ఉందని మిగతావాళ్లకు కళ్లారా చూపించడం.

అలా చూపించడం తప్పా?

‘దొంగలకు దారి చూపిస్తున్నారు’ అన్న విమర్శ ఈ బోర్డుల మీద ఎప్పుడూ ఉంది. అందులో నిజం లేకపోలేదు. కాలేజీ హాస్టల్లో ఎవడో ఒకడు సరదాకి నెట్ కట్ చేసి నవ్వుకుంటాడు. కానీ దాచిపెట్టినప్పుడు ఏం జరిగిందో, చూపించినప్పుడు ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క వేరేగా ఉంటుంది.

2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ శాన్ డియాగోలో జరిగిన ఓ హ్యాకర్ల సదస్సులో ఫైర్‌షీప్ అనే చిన్న టూల్ విడుదల చేశాడు. కాఫీ షాపు ఫ్రీ వైఫైలో కూర్చుని పక్క టేబుల్ వాళ్ల ఫేస్‌బుక్ అకౌంట్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరిపోవచ్చు. అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి సైట్లు లాగిన్ వరకే తాళం వేసి, ఆ తర్వాత అంతా బహిరంగంగా పంపేవి. నిపుణులు ఏళ్ల తరబడి చెప్పినా కదలని కంపెనీలు ఈ టూల్ వచ్చాక కదిలాయి. 2011 జనవరిలో ఫేస్‌బుక్ అంతటా హెచ్‌టీటీపీఎస్ పెట్టుకునే వీలు ఇచ్చింది. 2013 నాటికి దాన్ని అందరికీ డిఫాల్ట్ చేసింది. ఈరోజు బ్రౌజర్‌లో తాళం లేని సైట్ తెరిస్తే ‘నాట్ సెక్యూర్’ అని హెచ్చరిక వచ్చే స్థితికి చేరామంటే, అలాంటి ఇబ్బందికర ప్రదర్శనలకూ అందులో వాటా ఉంది.

కెనడా ప్రభుత్వం దీనికి ఉల్టా దారి పట్టాలని చూసింది. కార్ల దొంగతనాలు పెరిగాయని 2024 ఫిబ్రవరిలో ఫ్లిప్పర్ జీరో అనే 169 డాలర్ల గ్యాడ్జెట్‌ను నిషేధిస్తామని ప్రకటించింది. రిమోట్లు, యాక్సెస్ కార్డుల సిగ్నళ్లను చదివే, మళ్లీ పంపే డాల్ఫిన్ బొమ్మ గ్యాడ్జెట్ అది. నిజానికి కీలెస్ కార్ల దొంగలు ఎక్కువగా వాడేది వేరే పద్ధతి. ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ను ఒకరు పట్టి కారు దాకా చేరవేసే రిలే యంత్రాలు వేరు, ఇది వేరు. సెక్యూరిటీ రంగంలోని వాళ్లు గోల పెట్టడంతో నెల తిరిగేసరికి ప్రభుత్వం మాట మార్చింది. పూర్తి నిషేధం కాదు, సక్రమంగా వాడేవాళ్లకు ఇబ్బంది లేకుండా పరిమితులు అంది.

మొబైల్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టారా?

డీఆథ్‌తో నెట్ పోవడం ఒక్కటే అయితే చిరాకుతో సరి. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. ఊడిన ఫోన్ మళ్లీ కనెక్ట్ అయ్యేటప్పుడు రౌటర్‌తో పాస్‌వర్డ్ ఆధారంగా ఒక పలకరింపు జరుగుతుంది. దాన్ని గాల్లోనే పట్టుకున్నవాడు ఇంటికెళ్లి, తీరిగ్గా కంప్యూటర్ మీద ఒక్కో పాస్‌వర్డే ఊహించి సరిచూసుకోవచ్చు. మీ గుమ్మం దగ్గర మళ్లీ నిలబడాల్సిన పని లేదు.

ఇది ఎంత తేలికో 2021లో సైబర్‌ఆర్క్ కంపెనీ పరిశోధకుడు ఈడో హూర్విచ్ ఇజ్రాయెల్‌లో చూపించారు. 50 డాలర్ల వైఫై కార్డు బ్యాగులో పెట్టుకుని టెల్ అవీవ్ వీధుల్లో తిరిగి 5,000 వైఫైల సమాచారం పోగేశారు. ఆయన వాడింది ఫోన్లను ఊడగొట్టాల్సిన అవసరం కూడా లేని, రౌటర్ నుంచే ఆధారం రాబట్టే మరో పద్ధతి. ఫలితం? 70 శాతానికి పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. కారణం పెద్ద టెక్నాలజీ కాదు.. అక్కడి జనం ఎక్కువగా సొంత సెల్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నారు!

మన దగ్గర ఈ అలవాటు ఎంత ఉందో ఎవరింటికైనా వెళ్లి ‘వైఫై పాస్‌వర్డ్ ఏంటి బాబాయ్’ అని అడిగితే తెలిసిపోతుంది. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలు. అంటే ఎన్ని వేసినా 400 కోట్ల కాంబినేషన్లే. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 10 లక్షలకు పైగా సరిచూస్తుంది. 10 లక్షలే అనుకున్నా 4,000 సెకన్లు.. అంటే గంటా ఏడు నిమిషాలు. ఒక సినిమా ఇంటర్వెల్‌ లోపు మొత్తం నంబర్లు అయిపోతాయి. అదే నాలుగైదు సంబంధం లేని తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి, మధ్యలో అంకెలు పెడితే ఈ లెక్క పనిచేయదు. అమ్మమ్మకు చెప్పడం కూడా తేలికే.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. అసలు వైఫై పేరుతోనే నకిలీ వైఫై పెట్టడం. ఆస్ట్రేలియాలో విమానాశ్రయాల్లో, విమానాల్లో ఇలా నకిలీ ఫ్రీ వైఫై పెట్టి ప్రయాణికుల లాగిన్ వివరాలు కొట్టేశాడని 2024లో పోలీసులు ఓ వ్యక్తిపై కేసు పెట్టారు. తర్వాత జైలు శిక్ష కూడా పడింది. సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్లలో ‘రైల్‌వైర్’ అని కనపడగానే కనెక్ట్ అయ్యేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. ఓటీపీ కాకుండా జీమెయిల్, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ అడిగే పేజీ వస్తే వెంటనే బయటికి వచ్చేయండి. పని అయిపోయాక ఆ నెట్‌వర్క్‌ను ఫోన్‌లో ‘ఫర్గెట్’ కొట్టండి.

ఇంట్లో ఏం చూసుకోవాలి?

రౌటర్ కింద స్టిక్కర్ మీద సెట్టింగ్స్ పేజీ అడ్రస్ ఉంటుంది. అందులోకి వెళ్లి వైర్‌లెస్ సెక్యూరిటీ విభాగం తెరవండి. డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2-డబ్ల్యూపీఏ3 కలిపిన ఆప్షన్ ఎంచుకోండి. అక్కడే పీఎంఎఫ్ లేదా 802.11డబ్ల్యూ అని కనిపిస్తే మూడు ఆప్షన్లు ఉంటాయి. ‘డిసేబుల్డ్’ ఉంటే కనీసం ‘కేపబుల్’ లేదా ‘ఆప్షనల్’ చేయండి. అప్పుడు దాన్ని అర్థం చేసుకునే ఫోన్లకు రక్షణ వస్తుంది, రానివి పాత పద్ధతిలోనే నడుస్తాయి. ‘రిక్వైర్డ్’ పెడితే అందరికీ తప్పనిసరి. కానీ పాత ప్రింటర్, చవక స్మార్ట్ బల్బు కనెక్ట్ కాకపోవచ్చు. విచిత్రం ఏంటంటే అలాంటి బల్బుల్లో కొన్నింటిలో ఉండేది ఈ ఈఎస్పీ8266 చిప్పే! వాటికి గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టి, మెయిన్ వైఫైని గట్టిగా ఉంచుకోవచ్చు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌లో ఈ ఆప్షనే కనపడకపోతే కస్టమర్ కేర్‌ను అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే అప్‌డేట్ వస్తుంది.

‘నాది 5 గిగాహెర్ట్జ్ వైఫై, నాకేం కాదు’ అనుకోవద్దు. ఈఎస్పీ8266 కేవలం 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుందన్నది నిజమే. కానీ 5 గిగాహెర్ట్జ్‌లోనూ ఇదే పని చేసే బోర్డులు ఇప్పుడు చవగ్గానే వస్తున్నాయి.

నేర్చుకునే పిల్లలకు ఒక హెచ్చరిక

ఈ బోర్డు కొనడం, దాని గురించి చదవడం నేరం కాదు. ఎదుటివాళ్ల నెట్ కట్ చేయడం నేరం. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం.. హక్కు ఉన్న మనిషికి కంప్యూటర్, నెట్‌వర్క్ అందకుండా చేయడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ‘ఫ్రెండ్ మీద ప్రాంక్ చేశా’ అన్న మాట పోలీస్ స్టేషన్‌లో పనికిరాదు. ఇక జామర్ల సంగతి ఇంకా సీరియస్. ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రైవేటు వ్యక్తులు జామర్లు కొనడం, వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. రేడియో తరంగం గోడ దగ్గర ఆగదు. సొంత రౌటర్ మీద చేస్తున్నా అనుకుని పొరపాటున పక్క ఫ్లాట్ పేరు ఎంచుకుంటే అంతే సంగతులు.

సక్రమంగా నేర్చుకునే దారులు దగ్గర్లోనే ఉన్నాయి. కేంద్ర ఐటీ శాఖ సమాచార భద్రతా అవగాహన కార్యక్రమాన్ని హైదరాబాద్ సీ-డాక్ నడిపిస్తోంది. ‘నల్’ అనే ఓపెన్ సెక్యూరిటీ కమ్యూనిటీకి హైదరాబాద్‌లో శాఖ ఉంది. అక్కడ పాఠాలకు ఫీజు ఉండదు. ‘ఈ యాప్‌తో పక్కింటి వైఫై పాస్‌వర్డ్ చూడండి’ అనే వీడియోల కింద లింకులు మాత్రం నొక్కకండి. వాటితో హ్యాక్ అయ్యేది పక్కింటివాళ్లు కాదు, నొక్కినవాళ్లే.

మొదటి ప్రాజెక్టుగా దాడి కంటే కాపలా మంచిది. స్పేస్‌హూన్ ఇదే చిప్‌కు డీఆథ్ డిటెక్టర్ అనే ప్రోగ్రామ్ కూడా రాసి ఉచితంగా పెట్టాడు. అదే రూ.300 బోర్డు, ఒక చిన్న ఎల్‌ఈడీ. చుట్టుపక్కల ఎవరైనా డీఆథ్ సందేశాలు గుప్పిస్తుంటే లైటు రంగు మారుతుంది. ఎవరు పంపుతున్నారో చెప్పదు, దాడిని ఆపదు. కానీ ‘నెట్ ఎందుకో మాటిమాటికీ పోతోంది’ అనే అపార్ట్‌మెంట్‌లో, తప్పు ఇంటర్నెట్ కంపెనీదా లేక గాల్లో ఎవరైనా ఆడుకుంటున్నారా అన్నది తేల్చడానికి అది చాలు.

మరి కెమెరాల సంగతి?

పీఎంఎఫ్ డీఆథ్‌ను ఆపుతుంది గానీ జామర్‌ను ఆపలేదు. 2024లో అమెరికా మిన్నెసోటాలోని ఈడైనాలో వరుస ఇళ్ల దోపిడీల్లో దొంగలు వైఫై జామర్లు వాడి ఉంటారని పోలీసులు అనుమానించారు. డీజే మోతలో ఎంత రహస్య ముద్ర వేసిన మాటైనా వినపడదు కదా. కాబట్టి ఇంటి ముందు, లాకర్ ఉన్న గది ముందు పెట్టే కెమెరాకైనా కేబుల్ వేయించండి. వైర్ లాగడం కుదరకపోతే మెమరీ కార్డు పడే మోడల్ తీసుకుని, కార్డు వేశాక ఒక పరీక్ష చేయండి. రౌటర్ స్విచ్ పది నిమిషాలు ఆపేసి, కెమెరా ముందు నడవండి. తిరిగి ఆన్ చేశాక ఆ పది నిమిషాల ఫుటేజీ కార్డులో ఉందో లేదో యాప్‌లో చూసుకోండి. కొన్ని కెమెరాలు కార్డు ఉన్నా నెట్ లేకపోతే రికార్డు చేయవు. ఆ సంగతి కొన్నరోజే తెలుసుకుంటే షాపులో మార్చుకోవచ్చు.